ఫ్రిజ్‌కి కూడా అద్దె కట్టాం: భీమవరంలో ముప్పై అయిదు రోజుల నా అనుభవం

మే 11, ఆదివారం సాయంత్రం. ఆవకాయ కలిపి, చేతుల మంటకి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్నాను. వంటింట్లోంచి అత్తయ్య కేకేశారు. "అమ్మాయ్, ఫ్రిజ్ ముందు నీళ్ళు ఎవరు పోశారు?" ఎవరూ పోయలేదు. తలుపు తీస్తే లైటు వెలుగుతోంది గానీ లోపల బట్టల బీరువా తెరిచినట్టే ఉంది. పై అరలో గడ్డకట్టి ఉండాల్సిన అరకిలో రొయ్యలు మెత్తబడి నీళ్ళలో తేలుతున్నాయి. వెనక్కి చెయ్యి పోనిచ్చి చూశాను. కంప్రెసర్ పెనంలా కాలుతోంది.

రొయ్యలు ఆ రాత్రే వండేశాం. పాలు మర్నాడు పొద్దున్నే విరిగిపోయాయి. అవి పోతే పోయాయి. తలుపు అరలో అత్తయ్య ఇన్సులిన్ ఉంది. వాడుతున్న పెన్ను ఒకటి, ఇంకా తెరవనివి మూడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదంటే వాటిని చూశాకే.

ఆ ఫ్రిజ్ మాది కాదు. ఇంటితో పాటు వచ్చింది.

మేం తణుకు నుంచి ఇక్కడికి 2024 నవంబరులో మారాం. మావారిది రొయ్యల మేత కంపెనీలో చెరువుల వెంట తిరిగే ఉద్యోగం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. జువ్వలపాలెం రోడ్డు వైపు రెండో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు చూశాం. ఓనరు గారు రిటైరై హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటారు. ఫోన్లో బేరం జరిగాక ఆయన ఒక మెసేజ్ పెట్టారు. "ఫ్రిజ్, ఏసీ, గీజరు ఉంచితే 11,000. వద్దు తీసేయమంటే 9,500." వ్యాన్‌లో సామాను తగ్గుతుంది, కొత్తవి కొనక్కర్లేదు అని మేం 11,000కే ఒప్పుకున్నాం. తణుకులో మా ఫ్రిజ్ లక్షణంగా పనిచేస్తుంటే దాన్ని మా చెల్లెలికి ఇచ్చేసి వచ్చాను. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో!

అడ్వాన్సు మూడు నెలలది, 33,000. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలల అగ్రిమెంటు. అందులో ఒక వాక్యం ఉంది: "గృహోపకరణములు అన్నియు పనిచేయు స్థితిలో స్వాధీనపరచడమైనది. ఖాళీ చేయునాడు అదే స్థితిలో అప్పగించవలెను." మధ్యలో చెడిపోతే ఎవరు బాగు చేయించాలో ఒక్క ముక్క లేదు. నేను రెండో పేజీ చదువుతున్నట్టు మొహం పెట్టి సంతకం చేశాను.

మొదటి తప్పు జనవరిలోనే చేశాం, అప్పటికి అది తప్పని తెలీదు. ఈ ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పన. గిన్నె తోమి ఆరబెడితే తెల్లటి చారలు కడతాయి. ఆ నీళ్ళే గీజర్లోకి పోతాయి. భోగి జనవరి 13న, ఆడపడుచు కుటుంబం 11నే దిగుతున్నారు. 8న గీజరు వేస్తే ఇంట్లో కరెంటు మొత్తం పడిపోయింది. ఎలక్ట్రీషియన్ లోపలి ఎలిమెంటు తీసి చూపిస్తే సున్నం పూసిన పిడకలా ఉంది, ఒకచోట చిట్లింది. ఎలిమెంటు, థర్మోస్టాటు, పని కూలి కలిపి 1,450. పండగ ముందు ఈ గొడవెందుకని ఓనరుకి చెప్పకుండానే ఇచ్చేశాం. కింద కనిపించిన ఆయన బావమరిది గారితో మాత్రం "గీజరు బాగు చేయించామండి" అని మావారు మాటవరసకి అన్నారట. ఆయన ఊళ్ళోనే ఉంటారు, ఓనరు తరఫున ఇల్లు చూసుకునేది ఆయనే. మాటవరసకి అన్నది ఆయన మర్చిపోలేదు.

మే 12, సోమవారం. తొమ్మిదింటికి ఓనరు గారికి ఫోన్ చేశాను. మనిషి మర్యాదస్తుడు, ఎప్పుడూ "అమ్మా" అనే పిలుస్తారు, నేను "బాబాయ్ గారూ" అంటాను. "చూద్దాం అమ్మా, మా బావమరిదిని పంపిస్తాను" అన్నారు. ఎప్పుడని అడగడానికి నోరు రాలేదు. అడగాల్సింది.

ఈలోపు ఇన్సులిన్ సంగతి. మందుల షాపతను చెప్పింది ఇది. వాడుతున్న పెన్ను నాలుగు వారాల దాకా బయట ఉంచొచ్చు కానీ గది వేడి 30 డిగ్రీలు దాటకూడదు, తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, పొరపాటున గడ్డ కట్టాయంటే ఇక పారేయడమే. మే నెలలో మా వంటిల్లు 30 దగ్గర ఆగుతుందా? మొదటి మూడు రోజులు పై ఫ్లాట్ అక్కయ్య గారి ఫ్రిజ్‌లో పెట్టాం. ఆవిడ మంచావిడే. కానీ పొద్దున్న ఏడింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి వాళ్ళ బెల్లు కొట్టడానికి అత్తయ్యకి ప్రాణం ఒప్పలేదు. రెండో రోజు రాత్రి వాళ్ళింట్లో బంధువులు భోంచేస్తుంటే గుమ్మంలో నిలబడాల్సి వచ్చిందట. తిరిగొచ్చి ఏమీ మాట్లాడలేదు. చెంబుడు మంచినీళ్ళు తాగి పడుకున్నారు. నాకు ఓనరు మీద మొదటిసారి కోపం వచ్చింది అప్పుడే.

నాలుగో రోజు మావారు రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చారు. ఈ ఊళ్ళో ఐసుకి కరువేముంది, రొయ్యల లోడుల కోసం ఐసు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. అడుగున ఐసు, దాని మీద మడత పెట్టిన పాత తువ్వాలు, దాని మీద స్టీలు డబ్బా, డబ్బాలో ఇన్సులిన్. ఐసు తగలకూడదు కదా! చెరువు నీళ్ళ వేడి చూసే ఆయన థర్మామీటరు ఆ డబ్బాలో పెట్టి గంటకోసారి చూసేవాళ్ళం. మొదటిసారి ఒకటిన్నర చూపించింది, గుండె ఆగినంత పనైంది. ఇంకో తువ్వాలు వేశాక అయిదు, ఆరు దగ్గర నిలబడింది. పెట్టెని ఎన్నిసార్లు కడిగినా నీచు వాసన పోలేదు. మా పాప దానికి "రొయ్యల ఫ్రిజ్" అని పేరు పెట్టింది. ముప్పై రోజుల పైన మా ఇంట్లో నమ్మకంగా పనిచేసిన వస్తువు అదొక్కటే.

మే 13న మేమే ఒక మెకానిక్‌ని పిలిపించాం. చూసినందుకే 300. అతను ఫ్రిజ్‌ని ముందుకి లాగి, వెనక మోకాళ్ళ మీద కూర్చుని, సెల్‌ఫోన్ లైటు వేసి పిలిచాడు. "మేడమ్, ఇలా రండి. ఈ గొట్టం మీద వెల్డింగు చూశారా? ఇది ఇదివరకే ఒకసారి కారితే అతికించారండి. ఇప్పుడు దాని పక్కన తుప్పు తినేసింది. గ్యాస్ పోయింది. గ్యాస్ లేకుండా తిరిగి తిరిగి కంప్రెసర్ కూడా నీరసపడింది." ఎంతవుతుందని అడిగాను. గొట్టం అతికించి గ్యాస్ కొడితే 2,800. కంప్రెసర్ మారిస్తే మొత్తం 7,500. "ఆయ్, నన్నడిగితే దీనికి ఏదీ పెట్టకండి" అని వెనకున్న స్టిక్కర్ చూపించాడు. తయారైన నెల, సంవత్సరం దాని మీదే ఉంటాయట. 2012. ఓనరు గారు మాతో నాలుగేళ్ళదన్నారు.

ఆ వెల్డింగుని, ఆ స్టిక్కర్‌ని అప్పుడే ఫోటో తీసుకున్నాను. నేను చేసిన తెలివైన పనులు రెండే రెండు, ఇది ఒకటి.

మే 14 సాయంత్రం బావమరిది గారు వచ్చారు. ఫ్రిజ్ తలుపు తీసి వేశారు, చెవి ఆనించి విన్నారు, పైన రెండు దెబ్బలు వేశారు. తర్వాత గోడ వైపు చూసి, "స్టెబిలైజరు లేకుండా వాడుతున్నారా? అదీ సంగతి. ఓల్టేజి కొట్టేసింది" అన్నారు. మేం వచ్చేనాటికే స్టెబిలైజరు లేదని చెప్పాను. "ఉండేదమ్మా, నాకు తెలుసు" అన్నారు. అంటే మేమేదో చేసినట్టు! కాఫీ ఇచ్చాను, తాగారు. వెళ్తూ వెళ్తూ, "జనవరిలో గీజరు మీరే చేయించుకున్నారుగా, ఇదీ అలాగే చూసుకోండి. వాడుకునేది మీరే కదా" అన్నారు.

1,450 రూపాయలు నోరెత్తకుండా ఇచ్చింది గొడవెందుకని. అదే ఇప్పుడు మా మెడకి చుట్టుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్టెబిలైజరు నిజంగానే ఉండేదా, సామాను సర్దుకునేటప్పుడు మేమే ఎక్కడైనా పడేశామా అని నా మీద నాకే అనుమానం. రాత్రి పన్నెండింటికి ఫోన్లో పాత ఫోటోలు తిరగేస్తున్నాను. ఇంట్లో దిగిన రోజు పాలు పొంగించాం. గిన్నెలోంచి పాలు పొంగుతుంటే పాప చప్పట్లు కొడుతున్న ఫోటో. దాని వెనకాల ఫ్రిజ్. ఫ్రిజ్ పక్కన గోడ, గోడలో ప్లగ్గు, ప్లగ్గులోంచి వైరు తిన్నగా ఫ్రిజ్‌లోకి. మధ్యలో ఏ పెట్టే లేదు. మావారిని లేపి చూపించాను. "రేపు చూస్తా, పడుకో" అన్నారు. మగవాళ్ళకి ఆ సంతోషం అర్థం కాదు.

ఇక్కడి నుంచి రోజులు సాగదీయడమే. బావమరిది గారు తనకి తెలిసిన మెకానిక్‌ని 17న పంపిస్తానన్నారు. అతను చుట్టాల పెళ్ళికి పోయాడు. 19న వచ్చాడు. గొట్టం అతికించలేదు, తుప్పు చూడలేదు, నేరుగా గ్యాస్ నింపేశాడు. 2,600. మావాడు తుప్పు అన్నాడయ్యా అంటే, "అందరూ అలాగే భయపెడతారండి" అన్నాడు. డబ్బులు ఎవరివి? బావమరిది గారికి ఫోన్ చేస్తే, "ముందు మీరు ఇచ్చేయండి, అద్దెలో చూసుకుందాం" అన్నారు. ఆ "చూసుకుందాం" కాగితం మీద లేదు, మెసేజ్‌లో లేదు, గాల్లో ఉంది.

ఫ్రిజ్ ఆరు రోజులు పనిచేసింది. ఆ ఆరు రోజులూ పండగే. పెరుగు పులవలేదు, పాప ఐసు పుల్లలు చేసుకుంది. అత్తయ్య మాత్రం రొయ్యల పెట్టెని బయట పడేయనివ్వలేదు. "ఉండనీ, దీని వాలకం నాకు నచ్చలేదు" అన్నారు. 25వ తేదీ పొద్దున మళ్ళీ నీళ్ళు. ఆ మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "గ్యాస్‌కి గ్యారంటీ ఉండదండి" అని పెట్టేశాడు.

జూన్ 1 అద్దె రోజు. మావారూ నేనూ ఆలోచించి 11,000లో 2,600 తగ్గించి 8,400 పంపాం. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. పది నిమిషాల్లో ఫోన్. అంత మర్యాదస్తుడి గొంతు మారిపోయింది. "ఏమ్మా, అద్దె మీరే కోసేసుకుంటారా? ఇన్నేళ్ళుగా అద్దెలకిస్తున్నాను, ఇలాంటి పని ఎవరూ చేయలేదు." నేను ఏదో చెప్పబోయాను, మాట తడబడింది. ఏడుపు వచ్చేసింది. తప్పు ఆయనదైతే నాకెందుకు ఏడుపు రావాలి? ఇప్పటికీ ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది. మర్నాడు బావమరిది గారు మెట్ల దగ్గర మావారితో, "ఇబ్బందిగా ఉంటే వేరే ఇల్లు చూసుకోండి మరి" అన్నారట. స్కూళ్ళు తెరిచేది జూన్ 12న. పాప అడ్మిషను అయిపోయింది, ఫీజు కట్టేశాం. పైగా భీమవరం జిల్లా కేంద్రం అయ్యాక ఈ ధరలో ఇల్లు దొరకడం ఎంత కష్టమో వెతికినవాళ్ళకి తెలుసు. మూడు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

జూన్ 4న నరసాపురంలో లాయరుగా ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. వాడు ముందే చెబితే బాగుండేది అని తిట్టాడు. వాడు చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత చెబుతాను.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉందట. ఓనరు చేయించాల్సిన రిపేరుని, మనం చెప్పాక కూడా తగిన వ్యవధిలో ఆయన చేయించకపోతే, మనం చేయించి ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. నేను సంబరపడబోతుంటే వాడు ఆపాడు. "అక్కా, చేయించాల్సిన అనే మాట దగ్గర ఆగు. ఫ్రిజ్ చేయించడం ఆయన బాధ్యత అని మీ కాగితంలో ఎక్కడుంది? లేదు. చెప్పాక అన్నది రెండో మాట. నువ్వు రాతపూర్వకంగా చెప్పావా? అదీ లేదు. ఫోన్లో అన్నదానికి రుజువేది? చెప్పకుండా కోశావు, అక్కడ నీదే తప్పు."

మరి 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఉంది కదా, అందులో రిపేర్లు ఎవరివో పట్టిక ఉందంటారు కదా అన్నాను. ఉందన్నాడు. గోడలు, సున్నాలు, నీళ్ళ గొట్టాలు మార్చడం, కరెంటు వైరింగు ఓనరు వైపు. కుళాయిలు, స్విచ్చులు, డ్రైనేజీ శుభ్రం చేసుకోవడం అద్దెకున్నవాళ్ళ వైపు. "గీజరు రిపేరు కూడా మీ వైపే ఉందక్కా, పేరు పెట్టి మరీ. కరెంటు వస్తువుల రిపేర్లూ ఆ వైపే." అంటే జనవరిలో 1,450 మేం ఇవ్వడం ఆ పట్టిక ప్రకారం సరైనదే! ఇన్నాళ్ళూ అనవసరంగా ఇచ్చామని కుమిలిపోయాను. ఓనరు రిపేరు చేయించనంటే మనం చేయించి కోసుకున్నా, ఒక నెలలో సగం అద్దెకి మించి కోయకూడదని కూడా అందులో ఉందట. ఇంటికి అడ్వాన్సు రెండు నెలలకి మించకూడదని కూడా ఉంది, మేమిచ్చింది మూడు. "అది రాష్ట్రాలకిచ్చిన నమూనా, దాన్ని పట్టుకుని ఓనరుతో యుద్ధానికి దిగకు. కోర్టుదాకా పోయేంత డబ్బూ కాదు ఇది" అన్నాడు. ఒకటి మాత్రం మా వైపున్న మాట చెప్పాడు. అదే స్థితిలో అప్పగించాలి అన్నంత మాత్రాన, వాడకంలో సహజంగా అరిగిపోయినదానికి మనం పూచీ కాదు. పదమూడేళ్ళ గొట్టం తుప్పు పట్టడం మా తప్పు కాదు.

నాకు నీరసం వచ్చింది. అంటే మేం కొత్తది కొనివ్వక్కర్లేదు, ఆయనా బాగు చేయించక్కర్లేదు. అత్తయ్య ఇన్సులిన్ రొయ్యల పెట్టెలోనే.

అప్పుడు వాడు అడిగాడు. "అక్కా, రిపేరు సంగతి వదిలెయ్. ఆ ఫ్రిజ్ మీకు ఊరికే ఇచ్చారా, దానికి అద్దె కడుతున్నారా?"

నవంబరు మెసేజ్ నాకు గుర్తే లేదు. వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఆయన పంపిన శుభోదయాలు, దేవుడి బొమ్మలు, పండగ శుభాకాంక్షలు ఎన్ని ఉన్నాయో! అన్నిటి కింద ఉంది. ఉంచితే 11,000, తీసేయమంటే 9,500. తమ్ముడు ఫోన్లోనే పెద్దగా నవ్వాడు. "ఇంకేం కావాలి? మూడు వస్తువులకి నెలకి 1,500 అద్దె తీసుకుంటున్నారు. వస్తువు పనిచేయకపోతే దాని అద్దె ఎందుకివ్వాలి? రిపేరు ఎవరు చేయించాలి అని కాదు, పనిచేయని వస్తువుకి అద్దె తీసుకుంటారా అని అడుగు. ముందు కోసిన 2,600 ఆయనకి పంపించెయ్."

2,600 తిరిగి పంపడానికి మనసు ఒప్పలేదు. మావారు అసలే ఒప్పుకోలేదు. కానీ జూన్ 5న పంపేశాం, దానితో పాటు మెసేజ్. తమ్ముడు మూడు షరతులు పెట్టాడు. కోపం మాట ఒక్కటి ఉండకూడదు, తేదీలు అన్నీ ఉండాలి, చివర్లో ఏం కావాలో స్పష్టంగా అడగాలి. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఆ సాయంత్రం పంపాను. "బాబాయ్ గారికి నమస్కారం" అని మొదలుపెట్టి, మే 11 నుంచి ఏ రోజు ఏం జరిగిందో రాశాను. వెల్డింగు ఫోటో, 2012 స్టిక్కరు, పాలు పొంగించిన రోజు ఫోటో, గ్యాస్ బిల్లు, ఆయన పాత మెసేజ్ అన్నీ జత చేశాను. కింద మూడు దారులు చెప్పాను. మంచి ఫ్రిజ్ పెట్టించండి, లేదా కంప్రెసరుతో సహా పూర్తిగా బాగు చేయించండి, లేదా ఫ్రిజ్ మేం కొనుక్కుంటాం, దాని మేరకు అద్దె తగ్గించండి.

రెండు నీలం గీతలు అయిదు నిమిషాల్లో పడ్డాయి. జవాబు మాత్రం తొమ్మిది రోజులు రాలేదు. రిపేర్లకన్నా, బావమరిది గారి మాటలకన్నా, ఈ తొమ్మిది రోజులే నాకు కష్టమనిపించాయి. ఫోన్ మోగితే టెన్షన్, మోగకపోతే టెన్షన్. గేటు దగ్గర బావమరిది గారి బండి కనిపిస్తే మెట్ల మీదే ఆగిపోయేదాన్ని. రోజూ ఆయన పెట్టే శుభోదయాలు కూడా ఆగిపోయాయి. 12న స్కూల్ మొదలైంది. పొద్దున్న ఐసు, మధ్యాహ్నం పాఠాలు, సాయంత్రం మళ్ళీ ఐసు. ఐసుకి మొత్తమ్మీద 640 అయింది. రోజుకి రెండుసార్లు పాలప్యాకెట్లు, ఏ పూటకాపూట పెరుగు, మిగిలిన కూర పారబోయడం, ఇవన్నీ లెక్క వేయలేదు.

జూన్ 14 సాయంత్రం ఫోన్ వచ్చింది. ఓనరు గారు కాదు, ఆయన భార్య. "నేనమ్మా, పిన్నిని" అన్నారు. ముందు పాప సంగతి, అత్తయ్య ఆరోగ్యం అడిగారు. ఇన్సులిన్ సంగతి ఆవిడకి మా మెసేజ్ చూశాకే తెలిసిందట. "మా అమ్మకీ సుగర్ ఉండేది, నాకు తెలీదా! ఈయన నాతో అననే లేదు." తర్వాత ఆవిడే మాటల్లో, "ఆ ఫ్రిజ్ మా అమ్మాయి పెళ్ళికి కొన్నదమ్మా. పదమూడేళ్ళు దాటిపోయింది. వాళ్ళు ఫారిన్ వెళ్తూ మా దగ్గర పడేశారు" అన్నారు. నాలుగేళ్ళ ఫ్రిజ్ కథ అలా తేలిపోయింది. నేనేం అనలేదు.

మర్నాడు ఆదివారం, జూన్ 15. ఓనరు గారూ, పిన్ని గారూ స్పీకర్లో, ఇటు మావారూ నేనూ. కొత్తది పెట్టించడం కుదరదన్నారు. పాతదానికి 7,500 పోయడం దండగని ఆయనే అన్నారు. ఇక మిగిలింది అద్దె తగ్గించడం. మూడు వస్తువుల్లో ఫ్రిజ్ వాటా ఎంత? ఆయన 400 అన్నారు, ఏసీదే పెద్ద వాటా అని. మావారు 800 అన్నారు. పిన్ని గారు, "ఏడొందలు చేసి ఊరుకోండి ఇద్దరూ" అన్నారు. జులై నుంచి 10,300. గ్యాస్ ఖర్చు 2,600 చెరిసగం, మాకు రావాల్సిన 1,300 జులై అద్దెలో మినహాయింపు. వాళ్ళ మెకానిక్ ఊరికే పోసిన గ్యాస్‌కి మేం సగం ఎందుకివ్వాలని నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. కానీ ఆ పూట వాదించే ఓపిక లేదు. ఫోన్ పెట్టగానే, మాట్లాడుకున్నదంతా నేనే మెసేజ్‌గా రాసి పంపాను. "అలాగే అమ్మా" అని ఆయన జవాబు. తెలివైన పని రెండోది ఇదే.

17న కొత్త ఫ్రిజ్ కొన్నాం. 15,200, నాలుగు వాయిదాలు. స్టెబిలైజరు విడిగా 1,900, ఇంకెవరి చేతా మాట పడదలుచుకోలేదు. ఇంటికి తేవడం ఉచితమన్నారు గానీ మా లిఫ్టులో పట్టలేదు, మెట్ల మీదుగా మోసినందుకు 300 తీసుకున్నారు. బిల్లు మావారి పేరున, ఫోటో ఓనరు గారికి పంపి "ఇది మాది" అని రాసి పెట్టుకున్నాం. నెలకి 700 చొప్పున చూస్తే ఈ డబ్బు రావడానికి రెండేళ్ళు పడుతుంది. అక్టోబరులో అగ్రిమెంటు రాసేటప్పుడు ఏసీ, గీజరు ఏ సంవత్సరంవో, చెడిపోతే ఎవరు చేయించాలో ఒక్కో వరస రాయించమని తమ్ముడు మరీమరీ చెప్పాడు. ఏసీ వెనక స్టిక్కరు ఇప్పటికే ఫోటో తీసి ఉంచాను. అది 2016.

పాత ఫ్రిజ్ తీసుకెళ్ళమని అడిగితే ఓనరు గారు ఒప్పుకోలేదు. "ఒక మూలన ఉండనీ అమ్మా, అమ్మాయి పెళ్ళికి కొన్నది" అన్నారు. దాన్ని వెనక బాల్కనీలోకి నెట్టాం. కొన్నాళ్ళు దాని మీద బట్టలు ఆరేశాను. తర్వాత ఒకరోజు చూస్తే అత్తయ్య దాన్ని తుడిచి, అరలు సర్ది, ఆవకాయ, మాగాయ జాడీలన్నీ అందులో పెట్టేశారు. తలుపు రబ్బరు ఇంకా గట్టిగానే ఉందట, చీమ దూరదట.

మొన్న జులై అద్దె పంపాక ఓనరు గారు ఫోన్ చేశారు. నేను స్కూల్లో ఉన్నాను, అత్తయ్య ఎత్తారు. అద్దె అందిందని చెప్పి, చివర్లో ఫ్రిజ్ ఎలా ఉందని అడిగారట. అత్తయ్య ఏం చెప్పారని అడిగాను.

"ఆయ్, బ్రహ్మాండంగా పనిచేస్తోందండి అన్నాను" అన్నారు.